వీణ గదిలో ఫ్యాన్ రొద

విజయవాడ సత్యనారాయణపురంలో ఒక మేడమీది గది. గోడవారగా నూజివీడు వీణ, కిటికీ పక్కన బల్ల, బల్ల మీద మైకు. మైకుకు రెండడుగుల దూరంలో, అదే బల్ల మీద, ముందువైపు నల్లటి అద్దం బిగించిన డెస్క్‌టాప్ కంప్యూటర్. ఆ ఇంటావిడ పాతికేళ్లుగా పిల్లలకు వీణ నేర్పుతున్నారు. మూడేళ్లుగా నవలలు చదివి ఆడియో పుస్తకాలకు గొంతునిస్తున్నారు. మే నెలలో బయట 44 డిగ్రీలున్నా ఏసీ వేసుకుని చదవడానికి వీల్లేదు, దాని చప్పుడంతా మైకులోకి వస్తుంది. అందుకని ముందు అరగంట ఏసీ వేసి గదిని చల్లబరిచి, ఆపేసి, తలుపులు బిగించుకుని చదవడం మొదలుపెడతారు. పది నిమిషాలు గడిచేసరికి కంప్యూటర్ పెట్టె అందుకుంటుంది. ముందు సన్నటి ఈల, తర్వాత హోరు, తగ్గినట్టే తగ్గి మళ్లీ ఈల.

ఆడియో పుస్తకాల పనిలో చాలామంది ప్రమాణంగా తీసుకునే, ఏసీఎక్స్ అనే వేదిక నిబంధన ఒకటుంది. ఎవరూ మాట్లాడనప్పుడు రికార్డింగులో మిగిలే శబ్దం మైనస్ 60 డెసిబెల్స్‌కు కిందే ఉండాలి. ఆవిడ ఫైళ్లలో అది మైనస్ 52 దగ్గర ఆగిపోయింది. సాఫ్ట్‌వేర్‌తో ఆ రొదను తుడిచేస్తే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు తయారైంది. అంతకంటే పాత గొంతే నయమని ఆవిడ ఆ ప్రయత్నం మానేశారు.

ఈ ముచ్చట తేల్చడానికి ఒక ఆదివారం ఇద్దరు కూర్చున్నారు. ఒకరు ఆవిడ అన్నయ్య. ఇబ్రహీంపట్నం థర్మల్ పవర్ స్టేషన్‌లో టర్బైన్ల దగ్గర ఉద్యోగం చేసి రిటైరైన ఇంజనీరు. రెండోవాడు ఆవిడ కొడుకు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అందరూ సీటీసీ అనే చోట, కంప్యూటర్లు బిగించే పనిలో ఉన్నాడు. ఈ పెట్టె కూడా 2022లో అతను తన ఆటల కోసం బిగించుకున్నదే. ఊరు మారుతూ అమ్మకు వదిలిపెట్టాడు.

కుర్రాడు జాబితాతోనే దిగాడు. మూడు ఫ్యాన్ల లిక్విడ్ కూలర్, జాలీ ముఖం ఉన్న కొత్త క్యాబినెట్, ఆరు కొత్త ఫ్యాన్లు.

“సాయంత్రానికి బిగించేస్తా మావయ్యా. రేపట్నుంచి అమ్మకి చప్పుడే వినపడదు.”

“ముందు ఒక్కటి చెప్పు. ఈ పెట్టె ఎంత కాలుస్తోంది?”

“అంటే?”

“ఎన్ని వాట్లు తీసుకుంటోంది అని. మా ప్లాంటులో కూలింగ్ సంగతి మాట్లాడే ముందు ఎంత వేడి బయటికి పోవాలో లెక్క కట్టేవాళ్లం. నువ్వు లెక్క లేకుండా కృష్ణకి కాలవ తవ్వుతున్నావు.”

ఆయన పట్టుకున్న కొస సరైనదే. కంప్యూటర్ తీసుకున్న కరెంటు దాదాపు మొత్తం వేడిగానే బయటికి రావాలి. అది నీళ్లు తోడదు, బరువులు ఎత్తదు. 200 వాట్లు లాగే పెట్టె గదిలో 200 వాట్ల హీటరుతో సమానం. ఫ్యాను, గొట్టం, లిక్విడ్, ఏది పెట్టినా వేడి ఒక చోటినుంచి ఇంకో చోటికి మారుతుందే తప్ప మాయం కాదు.

కుర్రాడు తడుముకోలేదు. “ప్రాసెసర్ ఇంటెల్ ఐ7-12700. డబ్బా మీద 65 వాట్లు. టర్బోలోకి వెళ్తే 180 దాకా లాగొచ్చని ఇంటెల్ వాళ్లే రాశారు. గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 3060, అది ఫుల్ లోడులో 170.”

“మరి మీ అమ్మ చదువుతున్నప్పుడు?”

“గొంతు రికార్డు చేయడానికి ఎంత కావాలి, ఇరవై ముప్పై వాట్లు చాలు. కాకపోతే మధ్యమధ్యలో ఏదో ఒక ప్రోగ్రాం లేస్తుంది, యాంటీవైరస్ తిరుగుతుంది. ఒక్కసారి వందకు ఎగురుతుంది.”

“ఎగరనివ్వడం ఎందుకు?”

ఇక్కడే ఇద్దరి దారులు విడిపోయాయి. మావయ్య వాదం: వేడి పుట్టే చోటే తగ్గించాలి. మదర్‌బోర్డు సెట్టింగుల్లో పీఎల్1, పీఎల్2 అని రెండు హద్దులుంటాయి. ఒకటి ప్రాసెసర్ ఎంతసేపైనా వాడుకోదగిన వాట్లు, రెండోది కాసేపటికి దాటదగిన వాట్లు. చాలా బోర్డులు ఈ హద్దులను ఎత్తేసి 4095 అని పెట్టి పంపుతాయి. హద్దు లేదన్నట్టే. ఆ అంకెను 65కి దించితే మూడొంతుల గోల పోతుందని ఆయన పట్టు.

“దించితే స్పీడ్ పోతుంది. ఐ7 కొని ఐ3లా వాడుకోమంటారా?”

“పోయేదెంత, మిగిలేదెంత చూడు. ట్రాన్సిస్టర్లు ఆడటానికి పట్టే పవర్ వోల్టేజీ వర్గాన్ని బట్టీ, ఫ్రీక్వెన్సీని బట్టీ పెరుగుతుంది. చివరి నాలుగైదు వందల మెగాహెర్ట్‌జ్ కోసం వోల్టేజీ కూడా పెంచాల్సొస్తుంది. అటునుంచి వెనక్కి రా. వోల్టేజీ పదో వంతు, ఫ్రీక్వెన్సీ పదో వంతు తగ్గించావనుకో. 0.9ని 0.9తో రెండుసార్లు హెచ్చవేయి. 0.729. స్పీడులో పది శాతం ఇచ్చి వేడిలో 27 శాతం మిగుల్చుకున్నట్టు. ఇంతకంటే మంచి బేరం సీటీసీలో దొరుకుతుందా?”

ఆయన అక్కడితో ఆగకుండా 2024 సంగతి కూడా తెచ్చారు. ఎక్కువ వోల్టేజీ వల్ల ఇంటెల్ ప్రాసెసర్లు కాలక్రమంలో దెబ్బతిని కంప్యూటర్లు ఆగిపోవడం, కంపెనీ ఆగస్టులో దిద్దుబాటు మైక్రోకోడ్ విడుదల చేయడం, వారంటీని మరో రెండేళ్లు పెంచడం.

“అది 13, 14 తరాల చిప్పులకి మావయ్యా. మనది 12. దానికా జబ్బు లేదు,” అని కుర్రాడు సరిచేశాడు. సరిచేయడం న్యాయమే. మావయ్య ఒప్పుకున్నారు. “సరే, ఆ ముక్క తీసేయి. లెక్క మాత్రం ఉంచు.”

కుర్రాడి వాదాన్ని తక్కువ చేయకూడదు. అతను చెప్పేది ఇంకో నిజం. వేడి ఎంతన్నది ఒక ప్రశ్న, ఆ వేడిని బయటికి తోయడానికి ఎంత చప్పుడు చేయాలన్నది వేరే ప్రశ్న. ఇంటెల్ డబ్బాలో ఇచ్చే చిన్న కూలర్ లోడు పడితే నిమిషానికి మూడు వేల చుట్ల దగ్గర తిరుగుతూ కూడా ఈ ప్రాసెసర్‌ను 100 డిగ్రీల గీత తాకకుండా ఆపలేదు. అదే వాట్లకు పెద్ద హీట్‌సింకు, పెద్ద ఫ్యాను పెడితే వెయ్యి చుట్లతో సరిపోతుంది. గదిలోకి వచ్చే వేడి అంతే, చెవిలోకి వచ్చే చప్పుడు వేరు.

“మీరు వేడి గురించి మాట్లాడుతున్నారు, నేను చప్పుడు గురించి మాట్లాడుతున్నా. అమ్మ అడిగింది చప్పుడు తగ్గించమని,” అన్నాడు.

“ముందు మూత తియ్యండిరా,” అన్నారావిడ.

మూత తీశారు. లోపల నాలుగేళ్ల విజయవాడ ఉంది. హీట్‌సింకు రెక్కల మధ్య దుమ్ము చాపలా అల్లుకుపోయింది. దేవుడి గది పక్కనే కావడంతో అగరుబత్తి మసి ఆ దుమ్మును జిడ్డుగా పట్టి ఉంచింది. పవర్ సప్లై జాలీలో ఎండిపోయిన బల్లి గుడ్డు పెంకు. భోగికి ఇల్లంతా బూజు దులిపే ఇంట్లో ఈ పెట్టె మూత మాత్రం నాలుగు భోగులు దాటించింది.

దుమ్ము చేసే చెరుపు రెండు రకాలు. రెక్కల మధ్య సందులు మూసేసి గాలిని ఆపుతుంది. ఆగిన గాలికోసం ఫ్యాను మరింత తిరుగుతుంది. ఫ్యాను రెక్కల మీద ఎగుడుదిగుడుగా పేరుకుని దాని తూకం చెడగొడుతుంది. అప్పుడది తిరుగుతూ వణుకుతుంది. కుర్రాడు బాల్కనీలోకి తీసుకెళ్లి బ్లోయర్ పెట్టాడు. ఫ్యాను రెక్కలను వేలితో పట్టుకునే కొట్టాడు. వదిలేస్తే బ్లోయర్ గాలికి అది తన హద్దు దాటి తిరిగి బేరింగు పాడవుతుంది. ఇంట్లో దులుపుళ్లు చేసుకునేవాళ్లు ఎక్కువగా మరిచే సంగతి ఇదే.

తర్వాత కూలర్ విప్పాడు. ప్రాసెసర్ మీది పేస్టు ఎండి పెచ్చులు కట్టింది. నాలుగు ప్లాస్టిక్ పిన్నుల్లో ఒకటి సగమే దిగి ఉంది. రాగి ఒక మీటరు మందానికి డిగ్రీకి సుమారు 400 వాట్లు పంపగలిగితే, నిశ్చలమైన గాలి పంపగలిగేది 0.026. రెండు లోహాల మధ్య కంటికి కనపడని గాలి పొర మిగిలినా వేడికి గోడ కట్టినట్టే. పేస్టు పని ఆ గాలిని తోసేసి ఆ చోటు నింపడం, అంతే. అందుకే అది పల్చగా ఉండాలి. పాతదాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కందిగింజంత కొత్త పేస్టు వేసి మళ్లీ బిగించాడు. పిన్ను ఈసారి టిక్కుమంది.

ఒక్క రూపాయి పెట్టకముందే, అంతకుముందు 88 చూపించిన పనికి ఇప్పుడు 79 చూపించింది.

“చూశావా? చీపురు, చిటికెడు పేస్టు,” అన్నారు మావయ్య.

“చూశా. చప్పుడు ఇంకా ఉంది. వినండి.”

ఉంది. మావయ్య లేచి దేవుడి గదిలోంచి ఒక అగరుబత్తి వెలిగించి తెచ్చారు. ప్లాంటులో గాలి కారే చోటు పట్టడానికి పొగ వాడేవారట. బత్తిని పెట్టె ముందు పట్టుకుంటే పొగ నిటారుగా లేచింది, అద్దం వైపు వంగలేదు. పక్క సందు దగ్గర మాత్రం సన్నగా లోపలికి వెళ్లింది. పైన ముందువైపున్న ఫ్యాను దగ్గర పొగ బయటికి తన్నింది. అంటే ముందు ఫ్యాన్లు లోపలికి తెచ్చిన కాస్త గాలినీ, ప్రాసెసర్ దాకా వెళ్లకముందే ఆ పై ఫ్యాను బయటికి లాగేస్తోంది. అద్దం ముఖాన్ని పూర్తిగా ఊడదీసి మళ్లీ చూశారు. పొగ ఒక్కసారిగా లోపలికి గుంజుకుపోయింది, ఉష్ణోగ్రత ఇంకో ఆరు డిగ్రీలు పడింది.

మావయ్య పెన్సిల్ తీశారు. ఘనపు మీటరు గాలిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 1200 జౌళ్లు పడతాయి. పెట్టె 200 వాట్లు కాలుస్తూ, బయటికొచ్చే గాలి లోపలికి వెళ్లిన గాలికంటే పది డిగ్రీలకు మించి వేడిగా ఉండకూడదంటే, నిమిషానికి ఒక ఘనపు మీటరు గాలి ఆ పెట్టెలోంచి సాగాలి. “నాలుగు మిల్లీమీటర్ల సందులోంచి ఘనపు మీటరు తోయాలంటే ఫ్యాను అరవక ఏం చేస్తుంది?”

“అందుకేగా క్యాబినెట్ మార్చాలన్నది!” కుర్రాడు అందుకున్నాడు. “మీ ప్లాంటు బాయిలర్లకి గాలి ఆడించే ఐడీ, ఎఫ్‌డీ ఫ్యాన్ల లెక్క మీరే చెప్పండి. ఫ్యాను వేగం సగం చేస్తే ఏమవుతుంది?”

“గాలి సగం. ఒత్తిడి పావు. తినే కరెంటు ఎనిమిదో వంతు.”

“చప్పుడు?”

“ఉజ్జాయింపుగా 15 డెసిబెల్స్ తగ్గుతుంది.”

“మరి సగం వేగంతో రెండు ఫ్యాన్లు పెడితే? గాలి మళ్లీ మొదటంతే. ఒకేలాంటి రెండు ఫ్యాన్లు కలిస్తే చప్పుడు మూడు డెసిబెల్సే పెరుగుతుంది. పదిహేనులోంచి మూడు తీసేస్తే పన్నెండు లాభం. పది డెసిబెల్స్ తగ్గితే చెవికి సగమైనట్టు తోస్తుందంటారు. ఫ్యాన్లు పెంచితే చప్పుడు పెరుగుతుందనుకోవడం పొరపాటు.”

మావయ్య కాసేపు మాట్లాడలేదు. లెక్క ఆయనదే, దాని వాడకం మేనల్లుడిది. తర్వాత మెల్లగా అన్నారు. “ఒక్క షరతు. ఒత్తిడి పావుకి పడిపోయిందిగా. ఆ నెమ్మది ఫ్యాన్లు ఈ అద్దంలోంచి పీల్చలేవు. ముందు దారి తెరవాలి.”

“జాలీ ముఖం.”

“జాలీ ముఖమే. ఒప్పుకున్నాను.”

పెద్ద కంపెనీలు కూడా ఈ పాఠాన్ని ఖర్చు పెట్టే నేర్చుకున్నాయి. 2002లో ఆపిల్ తెచ్చిన పవర్ మ్యాక్ జీ4కు వాడినవాళ్లు ‘గాలి సొరంగం’ అని పేరు పెట్టారు. చప్పుడు మీద ఫిర్యాదులు ఎంతగా వచ్చాయంటే, మరుసటి ఏడాది ఆ సంస్థ 20 డాలర్లకు అయిదు సెంట్లు తక్కువ తీసుకుని పవర్ సప్లై, ఫ్యాను మార్చి ఇచ్చే ఏర్పాటు చేసింది. 2003లో వచ్చిన జీ5లో లోపలి చోటును నాలుగు గదులుగా విడదీసి, తొమ్మిది ఫ్యాన్లు పెట్టి, ఏ గది వేడెక్కితే ఆ గది ఫ్యాను మాత్రమే వేగం పెంచుకునేలా చేసింది. ఫ్యాన్లు తొమ్మిదైనా చప్పుడు తగ్గింది. ముందు ముఖమంతా చిల్లుల అల్యూమినియం రేకు. కుర్రాడి వాదానికి ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు.

అదే జీ5 మావయ్యకూ సాక్ష్యమైంది. 2004లో దానికి లిక్విడ్ కూలింగ్ వచ్చింది, కొన్నేళ్లకు కొన్ని యంత్రాల్లో ద్రవం కారి లోపలి భాగాలు పాడయ్యాయి.

“ఇప్పటి సీల్డ్ కూలర్లు అలా కారవు. కారడం చాలా అరుదు,” అన్నాడు కుర్రాడు.

“కారకపోవచ్చు. దాని పంపు ఆగుతుందా? మీ అమ్మ చదివినంతసేపూ తిరగాల్సిందేగా. ఫ్యానైతే తక్కువ పనికి నెమ్మదిస్తుంది. రబ్బరు గొట్టాల్లోంచి ఏళ్ల తరబడి కాస్త కాస్త ద్రవం ఆవిరైపోతుంది. చేరిన గాలి పైకెక్కి కూర్చునే చోట పంపు ఉంటే గరగరమంటుంది. చివరికి ఆ రేడియేటర్ కూడా ఈ గది గాలికే వేడి అప్పజెప్పాలి. గది 36 అయితే నీ లిక్విడ్ 36కి కిందికి దిగుతుందా?”

“దిగదు. కానీ ద్రవం వేడెక్కడానికి టైం పడుతుంది. చిన్న చిన్న లోడులొస్తే ఫ్యాన్లకి తెలియనే తెలియదు.”

నిమిషం రెండు నిమిషాల పనులకు అది పెద్ద మేలే. గంటల తరబడి వీడియోలు తయారుచేసేవారికి, 250 వాట్లు లాగే ఐ9-13900కే లాంటి ప్రాసెసర్లున్నవారికి లిక్విడ్ కూలర్ అర్థవంతమే. కానీ ఈ గదిలో కావలసింది మౌనం. ఇక్కడ పంపు గొణుగుడు లేని కూలరే మేలని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

మధ్యేమార్గం కుర్రాడే తెచ్చాడు. జంట గోపురాల ఎయిర్ కూలర్. ఆరు రాగి హీట్‌పైపులు, రెండు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు. ఫోనులో బొమ్మ చూపిస్తే మావయ్య కళ్లజోడు సవరించుకున్నారు. ఆ గొట్టాల్లో ఏముందని అడిగారు.

“కొంచెం నీళ్లు.”

“ఖాళీ చేసి సీలు వేశారా?”

“వేశారు.”

ఆయన ముఖం విప్పారింది. హీట్‌పైపు ఆయనకు పాత చుట్టమే. గాలి తీసేసిన గొట్టంలో కాసిన్ని నీళ్లు. ఒత్తిడి లేదు కనక వందకు చాలా ముందే మరుగుతాయి. ప్రాసెసర్ వైపు ఆవిరై, చల్లటి రెక్కల వైపు పరుగెత్తి, అక్కడ వేడి వదిలి నీరై, లోపలి వత్తిలాంటి పొరను పట్టుకుని మళ్లీ ప్రాసెసర్ దగ్గరికి పాకుతాయి. పంపు లేదు, కరెంటు లేదు, చప్పుడు లేదు. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ దీన్ని చేసి చూపించాడు. ఇబ్రహీంపట్నం కండెన్సర్లలోనూ జరిగేది ఇలాంటిదే. గాలి తీసేసిన చోట, టర్బైన్ దాటొచ్చిన ఆవిరి 45 డిగ్రీల దరిదాపుల్లోనే నీరవుతుంది. దాని వేడిని ప్రకాశం బ్యారేజీ ఎగువ కృష్ణ నీళ్లు మోసుకుపోతాయి.

“వేలంత గొట్టంలో కండెన్సర్ పెట్టారా,” అన్నారాయన, బొమ్మను పెద్దది చేసి చూస్తూ. లిక్విడ్ కూలర్ జాబితాలోంచి పోయింది. జంట గోపురం చేరింది. దాని ఎత్తు 155 నుంచి 165 మిల్లీమీటర్లుంటుంది కాబట్టి, కొత్త క్యాబినెట్ వెడల్పు చూసుకోకుండా కొనకూడదని కుర్రాడు రాసుకున్నాడు.

ఇంతసేపూ విన్న ఆవిడ అప్పుడు నోరు విప్పారు. వాదనలో అసలు చెవి ఆవిడదే.

“మీరిద్దరూ ఎక్కువా తక్కువా అనే మాట్లాడుతున్నారు. నాకు ఎక్కువైనా పరవాలేదు, ఒకేలా ఉంటే. అది పైకీ కిందికీ పోతోంది చూడు, శ్రుతి నిలవని తంబురాలాగా, దాన్ని భరించలేను. పైగా లోపల రెండేవో ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి. ఊం... ఊం... అని ఊగుతుంది.”

కుర్రాడు పెట్టె వెనక చెయ్యి పెట్టి చూశాడు. రంగు లైట్ల ఫ్యాన్లు మూడూ నేరుగా పవర్ సప్లైకి తగిలించి ఉన్నాయి. వాటిని నెమ్మదింపజేసే దారే లేదు, లోడున్నా లేకున్నా పూర్తి వేగమే. ఒకటి 1200, ఇంకొకటి 1230 చుట్లు తిరుగుతోందనుకుందాం. ఏడేసి రెక్కలు. మొదటిదాని స్వరం సెకనుకు 140 కంపనాలు, రెండోది 143.5. ఆ తేడా మూడున్నరే సెకనుకు మూడున్నర ఊపులుగా వినపడుతుంది. రెండు తీగలు కాస్త ఎడంగా శ్రుతి అయితే పుట్టేదీ ఇదే. వీణ శ్రుతి చేసేవాళ్లు ఈ ఊపు ఆగేదాకానే బిరడ తిప్పుతారు. నాలుగు పిన్నుల ఫ్యాన్లు పెట్టి మదర్‌బోర్డుకు తగిలిస్తే, ఒక్కోదాన్ని కావలసిన వేగం దగ్గర నిలపవచ్చు, లేదా రెండింటి మధ్య వందా రెండొందల చుట్ల తేడా పెట్టి ఊపును చెదరగొట్టవచ్చు.

పైకీ కిందికీ పోవడం సంగతి మావయ్య చెప్పారు. “దాన్ని మేం హంటింగ్ అంటాం. గవర్నర్ సరిగ్గా సర్దకపోతే టర్బైన్ వేగం కోసం వెతుకుతూనే ఉంటుంది, కుదురుకోదు. చిప్పు ఉష్ణోగ్రత ఒక్క సెకనులో ఇరవై డిగ్రీలు ఎగిరి దిగుతుంది. కిలో బరువు హీట్‌సింకు అంత త్వరగా వేడెక్కదు. ఫ్యాను చిప్పును చూసి పరుగెడితే ఎలా? కాస్త ఆగి కదలమని చెప్పాలి.”

“బయోస్‌లో ఉంది మావయ్యా, స్టెప్ అప్ టైం. ఎవరూ ముట్టుకోరు దాన్ని.”

“ఎంత దాకా పెట్టొచ్చు?”

“మన బోర్డులో కొన్ని సెకన్లు.”

“ఉన్నంతా పెట్టెయ్. 60 డిగ్రీల దాకా ఫ్యాను వేగం గీతను పడుకోబెట్టు.”

ఆ మధ్యాహ్నం ఇద్దరూ గొడవ లేకుండా చేసిన మొదటి పని ఇదే. డబ్బు ఖర్చు కాలేదు. ఆవిడ కళ్లు మూసుకుని విని, “ఇప్పుడు ఒక్క స్వరం మీద ఉంది,” అన్నారు.

ఆవిడ ఇంకోటి కూడా అడిగారు. పెట్టె బల్ల మీదే ఎందుకుండాలి? కుర్రాడు అద్దంలోంచి రంగు లైట్లు చూసుకోవడానికి అక్కడ పెట్టాడు, అది అలాగే ఉండిపోయింది. పలక బల్ల పెట్టె వణుకును పట్టుకుని వీణ కుండలా పెంచి వినిపిస్తోంది. చేత్తో పెట్టెను కాస్త ఎత్తి పట్టుకుంటే హోరులో అడుగుపొర పోయింది. లోపలి పాత హార్డ్ డిస్కు నిమిషానికి 7200 చుట్లు, అంటే సెకనుకు 120. ఆ గుంయ్‌మనే మంద్రం దానిదే. ఇక పాత రికార్డింగులన్నీ ఎస్ఎస్‌డీలోకి, డిస్కు విప్పి బీరువాలోకి. నెలకోసారి బ్యాకప్‌కు తీస్తే చాలు.

ఆరుబయట చప్పుడు దూరం రెట్టింపైన ప్రతిసారీ ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది. గదిలో గోడలు తిప్పి కొడతాయి కాబట్టి అంత రాదు, అయినా రెండడుగుల నుంచి ఎనిమిదడుగులకు జరిపితే గట్టి తేడానే. ఆవిడ మైకు ఎదురుగా వచ్చేది పట్టుకుని వెనకనుంచి వచ్చేదాన్ని వదిలేసే కార్డియాయిడ్ రకం. పెట్టె మైకు వీపు వైపు, తలుపు మూల, నేల మీద రబ్బరు చాప మీదికి వెళ్లింది. మైకు యూఎస్‌బీ తీగ అయిదు మీటర్లకు మించకూడదు, నాలుగుతో సరిపోయింది. కొత్త సామాను ఇంకా సీటీసీలోనే ఉంది, రికార్డింగులో రొద మాత్రం అప్పటికే మైనస్ 57కి దిగింది.

రెండు వారాల తర్వాత కుర్రాడు సామానుతో వచ్చాడు. జాలీ ముఖం క్యాబినెట్, జంట గోపురాల కూలర్, ముందు రెండు 140 మిల్లీమీటర్ల ఫ్యాన్లు, వెనక ఒకటి. పైన ఏమీ లేదు. జాలీ వెనక కడిగే వీలున్న దుమ్ము వడపోత. రంగు లైట్లు కూడా లేవు. మామూలు పనిలో ఫ్యాన్లు ఆరేడు వందల చుట్లు దాటడం లేదు. గ్రాఫిక్స్ కార్డు చల్లగా ఉన్నప్పుడు తన ఫ్యాన్లను తానే ఆపేసుకుంటుంది. పవర్ సప్లై మార్చాలా అన్నదాని మీద మళ్లీ కాస్త వాదన నడిచింది. ఇప్పుడున్నది బ్రాంజ్ తరగతి. గోల్డ్ అయితే సామర్థ్యం కొంత ఎక్కువ. యాభై అరవై వాట్లు లాగే పనికి ఆ తేడా వల్ల మిగిలే వేడి నాలుగైదు వాట్లకు మించదని మావయ్య తేల్చారు. దాని ఫ్యానులో నూనె ఎండిపోయినప్పుడు చూద్దామని ఆ పని ఆపారు.

రికార్డు చేసి చూశారు. మైనస్ 63.

పీఎల్1 సంగతి మాత్రం తెగలేదు. మావయ్య 65 దగ్గర నిలపాలంటారు. సెలవులకు వచ్చినప్పుడు తాను వీడియోలు ఎడిట్ చేసుకోవాలని, ఇంత పెద్ద కూలర్ పెట్టాక 125 ఇచ్చినా వినపడదని కుర్రాడు. వినపడదన్నది నిజమే. కాకపోతే అప్పుడు చూసింది నవంబరులో, గది 27 డిగ్రీలున్నప్పుడు. హీట్‌సింకు గది కంటే ఎన్ని డిగ్రీలు పైన నిలుస్తుందన్నది వాట్లను బట్టి ఉంటుంది, గది పది డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ కూడా ఇంచుమించు పది పెరుగుతుంది. అప్పుడు ఫ్యాను మళ్లీ తన గీత మీద పైకి నడుస్తుంది.

ప్రస్తుతానికి బయోస్‌లో రెండు ప్రొఫైళ్లున్నాయి, ఒకటి అమ్మ పేరున, ఒకటి కొడుకు పేరున. మావయ్య ప్లాంటు లాగ్ షీటులాగా ఒక తెల్లకాగితం గీసి పెట్టె పక్క మూతకు లోపలివైపు అంటించారు. తేదీ, గది ఉష్ణోగ్రత, ప్రాసెసర్ ఉష్ణోగ్రత, ఫ్యాను చుట్లు, రికార్డింగు రొద, దుమ్ము దులిపిన రోజు. మొదటి వరసలో నవంబరు అంకెలున్నాయి. రెండో వరసకు ఎడమవైపు ‘భోగి’ అని, మూడోదానికి ‘మే 15, మధ్యాహ్నం 3, ఏసీ ఆపిన పది నిమిషాలకు’ అని పెన్సిల్‌తో రాసి ఉంది.